పూల కొండ మీద పుట్టువెంట్రుకలు

జెండాలే తెయోఫిల కళ్లు కప్పాయి. జులై నెలాఖరున దేశం పండగ. ప్రతి ఇంటి మీదా ఎర్ర తెలుపు జెండా ఎగరాల్సిందే, లేకపోతే మునిసిపాలిటీ వాళ్లు జరిమానా వేస్తారు. లీమా నగరం చిట్టచివర కొండను పట్టుకుని వేలాడుతున్న ఆ కాలనీలో రేకుల షెడ్డు నుంచి ఇటుకల ఇంటి దాకా అన్నింటి మీదా జెండాలే. ఆ ఇళ్లన్నిటికీ పైన, పొగమంచు వలల పక్కన, ఇంకో పది పన్నెండు జెండాలు తడిసి వేలాడుతుంటే ఆమె రోజూ చూస్తూనే ఉంది. ఈ ఏడు మనవాళ్లకి దేశభక్తి పొంగిపోయింది కాబోలు, కొండకి కూడా కట్టేశారు అనుకుంది. పండగ మర్నాడు మంచు కాస్త పలచబడింది. జెండాల కింద చాపల గోడలు, ఆ గోడల ముందు ఆరేసిన పిల్లల బట్టలు కనిపించాయి.

"అనక్లేతో! కొండ పోయింది!" అని అరిచింది.

ఆమె మొగుడు అనక్లేతో డాబా మీద గినీపందులకి గడ్డి వేస్తున్నాడు. కిందకి తొంగి చూసి, "ఎక్కడికి పోయింది? నిన్న ఇక్కడే ఉందిగా" అన్నాడు.

"నీ వేళాకోళం తగలెయ్య! జనం వచ్చి పడ్డారు. పూల వాలు మీద. సున్నం గీతలు గీసేశారు, చాపలు కట్టేశారు, జెండాలు పాతేశారు..."

"జెండా లేకపోతే పోలీసులు పీకేస్తారు కదా. మనం వచ్చినప్పుడూ ముందు జెండా పాతి, తర్వాతే కదా చాప కట్టాం."

"నువ్వు నోరు మూసుకుని ఎలకలకి గడ్డెయ్యి."

"ఎలకలంటే ఊరుకోను" అన్నాడు అనక్లేతో. కానీ ఆవిడ అప్పటికే వీధిలోకి దూకింది.

తెయోఫిలకి అరవై దాటాయి. మోకాళ్లు అరిగాయి గానీ నోరు అరగలేదు. కొండ రక్షణ కమిటీకి ఆవిడే అధ్యక్షురాలు. ఆ పై వాలు ఏడాదిలో ఎక్కువ భాగం వట్టి దుమ్ము. వాన అనేది ఆ ఊరికి తెలీదు. జులై చుట్టూ వచ్చే చలికాలంలో సముద్రం మీంచి మంచు లేచి కొండకి తగిలినప్పుడు మాత్రం నేలలో పడుకున్న దుంపలు లేస్తాయి. వాలంతా పసుపు పచ్చటి అమాంకాయెస్ పూలు. కొన్ని వారాలు ఉంటాయి, మళ్లీ పడుకుంటాయి. ఒకప్పుడు చుట్టుపక్కల కొండలన్నీ అలాగే ఉండేవట. ఇప్పుడు మిగిలింది ఆ ఒక్క వాలే. మిగతా చోట్లంతా ఇళ్లు, ఇళ్ల మీద ఇళ్లు.

ఆ వాలు పైన ఆవిడా ఇంకో పదిమంది ఆడవాళ్లూ నైలాన్ వలలు కట్టారు. మంచు వలకి పట్టి బొట్లు బొట్లుగా గొట్టంలోకి దిగి పీపాలో పడుతుంది. ఆ నీళ్లతో మొక్కలు పెంచారు. కాలనీ జనం మాత్రం లారీ తెచ్చిన నీళ్లు కొనుక్కుని తాగుతూ, ‘కొండకి నీళ్లు పోస్తారుట, మాకు పొయ్యరుట’ అని చాలాకాలం నవ్వారు. పచ్చదనం కనిపించాక నవ్వడం మానేసి, ‘మా కొండ’ అనడం మొదలుపెట్టారు.

ఆ మధ్యాహ్నమే కమిటీ కూడింది. అందరికంటే గట్టిగా మాట్లాడింది బల్తాసార్, అందరూ గౌరవంగా ‘దోన్’ అని పిలిచే రిటైరైన బస్సు డ్రైవరు. మూడంతస్తుల ఇల్లు, నాలుగో అంతస్తు కోసం పైన ఇనప ఊచలు లేపి ఏళ్లయింది. ఏ సభలోనైనా ఆయన రొమ్ము మీద చెయ్యి వేసుకోకుండా మాట్లాడడు.

"ఆ పూల కోసం నేను ప్రాణమిస్తాను! ఈ జనానికి అంతులేదు. ఇవాళ పది గుడిసెలు, రేపు వంద. మునిసిపాలిటీతో మాట్లాడేశాను. శుక్రవారం పొద్దున్న మనుషుల్ని పంపుతారు. దోన్యా తెయోఫిల ముందు నిలబడి, ఇదిగో వీళ్లు కొత్తగా వచ్చినవాళ్లు అని చూపిస్తే చాలు, పీకి పారేస్తారు" అన్నాడు.

"చూపిస్తాను. నాకేం భయమా? ముందు నేనే వెళ్లి మర్యాదగా చెప్తాను. వినకపోతే వాళ్ల ఖర్మ" అంది తెయోఫిల.

మర్యాద అన్నది గానీ, మెట్లెక్కుతూ ఆవిడ నోట్లో నానుతున్న మాటల్లో మర్యాదకి చోటు లేదు. పైకి చేరేసరికి మొదటి గుడిసె ముందు చెక్క పలక కనిపించింది. ఎర్ర రంగుతో రాశారు: ‘అమాంకాయెస్ పూదోట కాలనీ’. తెయోఫిల అక్కడే ఆగిపోయింది. పువ్వుని తవ్వేసి పువ్వు పేరే పెట్టారు! ఒళ్లు మండిపోయింది.

గుడిసె ముందు ఒక పిల్ల, పాతికేళ్లు కూడా ఉండవు, గునపంతో నేల చదును చేస్తోంది. వీపున పసిబిడ్డ. పక్కన దుంపలు పోగేసి ఉన్నాయి, చెత్తలాగా.

"రండి, అత్తా, కూర్చోండి" అంది ఆ పిల్ల.

"నేనెవరికీ అత్తని కాదు! ఏం పేరు నీది?"

"నిల్దా."

"ఏం నిల్దా, అవేమిటో తెలుసా?"

"ఉల్లిపాయలనుకున్నాం అత్తా. చారులో వేశాం. అబ్బ, చేదు! రెండు రోజులు నాలుక మీంచి పోలేదు."

"ప్రాణం పోలేదు, సంతోషించు! పూలమ్మా అవి! పూలు! ఈ నగరంలో మిగిలినవి ఇవే. మీకు ఇంకెక్కడా నేల దొరకలేదా?"

నిల్దా గునపం పక్కన పెట్టింది. "ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. కింద ఖాళీ లేదు. పలక మీద పేరంటారా, ఈ కొండ పేరని ఎవరో చెబితే రాశాం. మేం వచ్చేసరికి ఇక్కడ ఒక్క పువ్వూ లేదు, వట్టి నేలే కదా అనుకున్నాం."

"మీ ఊళ్లో ఉండొచ్చుగా?"

"ఊరు ఉంది. నీళ్లే లేవు. నాలుగేళ్లయింది సరిగ్గా చినుకు పడి. చిత్తడి నేలలు ఎండిపోయి నెర్రెలిచ్చాయి. మొదట గొర్రెలు పోయాయి, తర్వాత అల్పాకాలు. ఆఖరికి మేం వచ్చేశాం."

"ఏ ఊరు?"

నిల్దా చెప్పింది. తెయోఫిల పుట్టిన ఊరికి అది రెండు కొండల అవతల. ఆవిడకి ఇంకా చిరాకేసింది. ఎక్కడో తెలియని చోటి నుంచి వచ్చినవాళ్లయితే తిట్టడానికి సులువుగా ఉండేది. ఆవిడ తండ్రికి ఏడుగురు పిల్లలు. ఉన్న చేను ఏడుగురికీ పంచితే ఒక్కొక్కరికి దుప్పటి పరిచేంత నేల వచ్చింది. అందుకే దిగొచ్చింది. అప్పుడూ కింద ఖాళీ లేదనే అన్నారు.

"అదంతా నాకు చెప్పకు. శుక్రవారం మునిసిపాలిటీ వాళ్లు వస్తున్నారు. ఈలోపు మీ అంతట మీరే..." అంటూ ఉండగా పైన వల టంగుమంది.

తిరిగి చూస్తే గొట్టం దగ్గర ఒక చిన్నపిల్ల, నాలుగైదేళ్లది, గింజుకుంటోంది. నీళ్లు తాగడానికి వంగినట్టుంది. నడుము దాకా ఉన్న జుట్టు వల కట్టిన తీగల్లో చిక్కుకుంది. అది లాగేకొద్దీ వల అంచు పర్రుమంటోంది.

"సుల్మా!" అని నిల్దా కూతురి దగ్గరికి పరిగెత్తింది.

"కదలకే! చింపేస్తావే!" అని తెయోఫిల అంతకంటే ముందు చేరింది. అరిగిన మోకాళ్లు ఆ క్షణాన ఎక్కడికి పోయాయో. ఆ వల కుట్టడానికి ఆవిడకి ఒక చలికాలం పట్టింది. నడుముకి కట్టుకున్న సంచిలో ఎప్పుడూ కత్తెర ఉంటుంది, వలలు బాగుచెయ్యడానికి. కొయ్యాల్సింది వలా, జుట్టా అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కచక్ కచక్‌మని గుప్పెడు జుట్టు కోసేసింది. పిల్ల వెనక్కి పడింది. వల దక్కింది.

"అమ్మయ్య" అనుకుని వల అంచు తడుముకుంది. ఎక్కడా చిరగలేదని చూసుకున్నాకే తల తిప్పింది.

నిల్దా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. గుడిసెల్లోంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు.

"ఏమిటి ఆ చూపులు? పీక కోశానా? జుట్టేగా, పెరుగుతుంది" అంది తెయోఫిల. అంటూనే తన చేతిలో జుట్టు చూసుకుంది. కొసలు సన్నగా, మెత్తగా, పట్టుదారాల్లా వంకీలు తిరిగి ఉన్నాయి. కత్తెర ఎప్పుడూ తగలని కొసలు.

పుట్టువెంట్రుకలు.

ఆవిడా ఆ కొండల్లో పుట్టిన మనిషే. చెప్పించుకోవాల్సిన పని లేదు. మొదటి వెంట్రుక ఎవరు తీస్తారో వాళ్లే ఆ పిల్లకి రెండో తల్లి, ఆ తల్లికి కొమాద్రె, అంటే తోబుట్టువుతో సమానమైన చుట్టం. పిల్లకి బతకడానికి ఒక ఆధారం ఇవ్వాలి, గొర్రెపిల్లో, చేను ముక్కో. ఆ తర్వాత చచ్చేదాకా ఆ రెండిళ్లూ ఒకరి మీద ఒకరు చెయ్యెత్తకూడదు, వేలెత్తకూడదు.

"మీరు తెలియక చేశారు అత్తా" అంది నిల్దా మెల్లగా. "పోనీలెండి. ఎవరికీ చెప్పం. లెక్కలోకి రాదు."

ఆ మాటే తెయోఫిలకి చెంపదెబ్బలా తగిలింది.

"లెక్కలోకి రాదేమిటి? తెలిసి కోసినా తెలియక కోసినా మొదటి కోత మొదటి కోతే" అంది ఆడవాళ్లలో పెద్దావిడ. లోపలికి వెళ్లి పళ్లెం తెచ్చింది. తెయోఫిల చేతిలోంచి జుట్టు తీసి అందులో పెట్టి, ఎర్ర దారం కట్టింది.

"ఇంత జుట్టు దాకా ఎందుకు ఉంచావ్ నువ్వు?" అని నిల్దా మీద విరుచుకుపడింది తెయోఫిల. వెంటనే నాలుక్కరుచుకుంది. కొమాద్రెని ‘నువ్వు’ అనకూడదు. "ఎందుకు ఉంచారు... మీరు?"

"ఎవర్ని పిలుస్తాం? ఇవ్వడానికి గొర్రెపిల్ల ఉన్నవాడు ఊళ్లో ఒక్కడూ లేడు. పిలిస్తే వాళ్లకి సిగ్గు, పిలవకపోతే మాకు సిగ్గు. అందుకని అలాగే వదిలేశాం. ఇక్కడున్న పిల్లలందరిదీ అంతే, చూడండి."

తెయోఫిల చూసింది. తల్లుల కొంగులు పట్టుకుని నిలబడ్డ పిల్లలు, ఆడా మగా తేడా తెలియకుండా, అందరికీ నడుము దాకా జుట్టు. ఎన్నాళ్లు వాన పడలేదో ఆ తలలే చెబుతున్నాయి. ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడిస్తే పరువు పోతుందని, "ఆ పలకైనా తీసెయ్యండి, పూదోటట పూదోట!" అని కసిరేసి దిగిపోయింది.

ఇంట్లో సంగతి విని అనక్లేతో కుర్చీలోంచి జారిపడేలా నవ్వాడు.

"వెళ్లగొట్టడానికి వెళ్లి చుట్టరికం కలుపుకొచ్చావా!"

"నవ్వు, నవ్వు. శుక్రవారం నేను వేలెత్తి చూపించాలి. కొమాద్రె గుడిసె చూపించి పీకెయ్యండి అనాలి. నా నోరు పడిపోదూ? చూపించకపోతే ఆ వాలు పోతుంది. ఈ పదీ నిలబడితే ఏడాది తిరిగేసరికి వంద అవుతాయి. ఒక్క దుంప మిగలదు."

"అయితే చూపించకు, కడుపునొప్పని పడుకో."

"పూలు పోతాయంటుంటే పడుకోమంటావేమిటి, మనిషివేనా!"

"చూపిస్తే పాపం, చూపించకపోతే పాపం. మరేం చేస్తావే?"

తెయోఫిల వంటింట్లోకి వెళ్లిపోయింది. గిన్నెలు కడుగుతున్న చప్పుడు వీధి చివరికి వినిపించింది. మర్నాడంతా మొహం గంటు పెట్టుకునే తిరిగింది. నీళ్ల లారీవాడిని తిట్టింది, పక్కింటి కుక్కని తిట్టింది. గురువారం పొద్దున్న గడ్డి వెయ్యడానికని తనే డాబా ఎక్కింది. నాలుగు మూలలా ఇనప ఊచలు ఆకాశంలోకి నిలబడి ఉన్నాయి, ఎప్పటికైనా పై అంతస్తు వేస్తామని. ఆ కాలనీలో పైన ఇంకో అంతస్తు కట్టుకునే ఆ చోటుని ‘గాలి’ అంటారు. ఇంటి మీద గాలి. గాలిని అమ్ముకుంటారు, కొనుక్కుంటారు, కూతుళ్లకి కట్నంగా కాకపోయినా కానుకగా ఇస్తారు. కింద చోటు అయిపోయాక సగం నగరం గాలిలోనే బతుకుతోంది. ఆవిడ గాలిలో మాత్రం గినీపందులు బతుకుతున్నాయి.

కిందకి దిగి, "నీ ఎలకల్ని మెట్ల కిందకి మార్చు" అంది.

అనక్లేతో మొహంలో నవ్వు పోయింది. "ఎందుకు?"

"సుల్మకి గాలి ఇస్తున్నా."

"అది మనవడిదన్నావు కదే! వాడు పెళ్లి చేసుకుని వస్తే ఎక్కడ ఉంటాడు?"

"వాడొచ్చేనాటికి ఈ కొండ మీద చూపించడానికి ఏం మిగుల్తుంది నీకు? సిమెంటు చూపిస్తావా? నాకు మాత్రం ఇవ్వాలని ఉందనుకున్నావా? కడుపు మండిపోతోంది. కానీ ఇంకో దారి ఉంటే చెప్పు, చెప్పు మరి!"

అనక్లేతో డాబా ఎక్కాడు. గినీపందుల పెట్టె ఎత్తుకుని, "మెట్ల కింద వీటికి గాలాడదు" అని గొణిగాడు.

ఆ సాయంత్రం తెయోఫిల పైకి వెళ్లింది. గుడిసె ముందు దుప్పటి పరిచి సుల్మని కూర్చోబెట్టారు. పళ్లెంలో జుట్టు, పక్కన ఉడికించిన బంగాళాదుంపలు. ఆవిడ ఇంకో పాయ కోసి పళ్లెంలో వేసి, అందరూ వినేలా చెప్పింది:

"ఈ పిల్లకి నా ఇంటి మీద గాలి ఇస్తున్నాను, కొమాద్రె. గోడలు మీ ఆయన కట్టుకోవాలి. నీళ్ల పీపా కలిసి వాడుకుందాం. ఒకటే మాట. ఈ చాపలు మీరే విప్పాలి. తవ్విన దుంపలు తవ్విన చోటే మీరే పాతాలి. వేళ్లు కిందకి, మొన పైకి. తలకిందులుగా పాతారంటే నేనూరుకోను."

నిల్దా లేచింది. వచ్చి తెయోఫిల రెండు చేతులూ పట్టుకుని కళ్లకి అద్దుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు మాత్రం తమలో తాము ఏదో మెల్లగా మాట్లాడుకున్నారు. చీకటి పడకముందే నిల్దా చాప చుట్టేసింది. నిల్దా గుడిసె ఒక్కటే. మిగతా జెండాలు అలాగే ఉన్నాయి. దిగుతూ తెయోఫిల వాటిని చూసి, వీళ్లని చూపించడానికి నాకు అడ్డమేమీ లేదు కదా అనుకుంది. అనుకుంది గానీ మనసు తేలిక పడలేదు.

శుక్రవారం ఇంకా మంచు విడవకముందే తలుపు చప్పుడైంది. మునిసిపాలిటీ వాళ్లే అనుకుని తీసింది. వీధంతా తల్లులు. ప్రతి తల్లి పక్కనా నడుము దాకా జుట్టున్న పిల్ల. ప్రతి తల్లి చేతిలోనూ పళ్లెం, పళ్లెంలో కత్తెర, ఎర్ర దారం. ముందు ఆ పెద్దావిడ, మనవడిని పట్టుకుని.

"మా వాళ్లకి కూడా మీ చేత్తోనే" అంది.

"ఓరి దేవుడా! నాకున్నది ఒక్క డాబా! నేనేమన్నా మేయరునా?" అని తెయోఫిల తలుపు ధడాలున వేసేసింది.

లోపల అనక్లేతో ఈసారి నవ్వలేదు. "చూశావా? నాకు తెలుసు. ఒకళ్లకిస్తే అంతా వస్తారని నాకు తెలుసు" అన్నాడు.

తెయోఫిల తలుపుకి వీపు ఆనించి నిలబడింది. కోపం వచ్చింది, ఎవరి మీద రావాలో తెలియలేదు. నీళ్లు లేని ఊరి మీదా, చోటు లేని నగరం మీదా, కత్తెరలు పట్టుకుని ఇంటి మీదకి వచ్చిన ఈ తల్లుల మీదా? కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురు వరసలో డాబాలు. డాబా డాబా మీదా ఇనప ఊచలు, ఏళ్ల తరబడి తుప్పు పడుతూ. కమిటీలో చెయ్యెత్తిన ప్రతి ఇంటి మీదా బోలెడంత గాలి.

తలుపు తీసింది. "పళ్లేలు జాగ్రత్తగా పట్టుకోండి. నా వెనకే రండి" అంది.

దోన్ బల్తాసార్ అప్పటికే తయారై, టై కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కోటు గుండీకి పసుపు పచ్చ అమాంకాయెస్ పువ్వు. మెట్ల అడుగున ఎక్కడో మునిసిపాలిటీ బండి హారన్ వినిపిస్తోంది. తెయోఫిల వెనక వస్తున్న ఊరేగింపు చూసి ఆయన మొహం విప్పారింది.

"భేష్, దోన్యా తెయోఫిల! అందర్నీ మీరే దింపుకొచ్చారే!"

"దింపుకొచ్చాను. ఈ పిల్లాడి పుట్టువెంట్రుకలు మీరు తియ్యాలి" అని తెయోఫిల, పెద్దావిడ మనవడిని ముందుకి తోసింది.

బల్తాసార్‌ది కూడా కొండల్లోని కుటుంబమే. పిల్లాడి జుట్టు చూశాడు, కత్తెర చూశాడు, ఎందుకో తల ఎత్తి తన మేడ మీది ఊచలు చూశాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇది... ఇది సమయం కాదమ్మా. అధికారులు వస్తున్నారు. పూల సంగతి మాట్లాడాలి."

"పూల సంగతే మాట్లాడుతున్నాను. పూల కోసం ప్రాణమిస్తానన్నారు కదా, దోన్ బల్తాసార్? ప్రాణం అక్కర్లేదు. గాలి చాలు."

చుట్టుపక్కల కిటికీల్లో తలలు కనిపించాయి, కొన్ని వెంటనే మాయమయ్యాయి. హారన్ ఇంకోసారి మోగింది, ఈసారి దగ్గరగా. పిల్లాడు తుమ్మాడు.

"నాకు కళ్లద్దాలు లేందే కనపడదు" అన్నాడు బల్తాసార్ చివరికి.

"తెచ్చుకోండి, తొందరేం లేదు" అని తెయోఫిల ఆయన గుమ్మంలోనే మెట్టు మీద కూర్చుంది. ఆవిడ పక్కనే పెద్దావిడ, కింద మెట్టు మీద మిగతా తల్లులూ ఒళ్లో పళ్లేలు పెట్టుకుని కూర్చున్నారు.